పాత బ్లాకులో పగటి దయ్యం

ఉద్యోగంలో చేరిన రోజున నా చేతిలో ఒక పుస్తకం పెట్టారు. విద్యార్థులకు మా విశ్వవిద్యాలయం అందించే సేవలన్నీ అందులో ఉన్నాయి. కౌన్సెలింగ్, ఆరోగ్య కేంద్రం, వెనకబడిన సబ్జెక్టులకు సాయంత్రం ట్యూషన్, స్కాలర్‌షిప్ ఫారాలు నింపిపెట్టే కిటికీ, చూపు తక్కువున్న పిల్లల తరఫున పరీక్ష రాసేవాళ్లు, ర్యాగింగ్ మీద ఫిర్యాదు, ఇంకా చాలా. మెరిసే కాగితం, నవ్వుతున్న పిల్లల ఫొటోలు. ఏటేటా కొత్త ముద్రణ వచ్చేది. ఫొటోల్లో పిల్లలు మారేవారు గానీ నవ్వు మారేది కాదు. ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన విద్యార్థిని నా సర్వీసు మొత్తంలో ఒక్కరినే చూశాను. ఎక్కువగా ఆ అమ్మాయి గురించే రాస్తున్నాను.

విద్యార్థి సహాయ కేంద్రాల్లోకి కొత్తగా వస్తున్న మీకోసం ఇది. నాకొచ్చిన శాలువాల లెక్క మీకెందుకు? ఈ పనిలో నేను చేసిన ఒక పెద్ద తప్పు చెబుతాను. అది మీరు చెయ్యకపోతే చాలు.

మా క్యాంపస్ మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో, బండరాళ్ల గుట్టల మధ్య ఉంటుంది. నేను పుట్టి పెరిగింది మేడ్చల్లోనే. చలికాలంలో చెరువు మీది మంచు తొమ్మిదైనా విడవదు. గేటు దగ్గర బస్సు దిగిన పిల్లలు నాలుగడుగులు వేసి అందులో కలిసిపోతారు. గుట్టల్లో నెమళ్లు అరుస్తుంటే కొత్తవాళ్లు ఎవరో ఏడుస్తున్నారనుకుని ఆగిపోతారు. నాకు అలవాటే. నెమలి అరుపుకూ ఏడుపుకూ తేడా నాకు తెలుసని ఒకప్పుడు గొప్పలు కూడా పోయాను.

ఇద్దరు బాసులు

మొదటి డీన్ గారు కోస్తా నుంచి వచ్చి పేట్ బషీరాబాద్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. రోజూ మెస్సులో పిల్లలతోనే తినేవారు, అదీ రోజుకో వరసలో కూర్చుని. నేను చేరిన మొదటి నెల చివర ఎవరెవరు వచ్చారో, ఏ ఇబ్బందితో వచ్చారో గళ్లు గీసి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పట్టుకెళ్లాను. ఆయన చూసి పక్కన పెట్టారు.

"బాగుందమ్మా. ఇది వచ్చినవాళ్ల జాబితా. రానివాళ్ల జాబితా ఏదీ?"

"రానోళ్లను ఎట్ల రాయాలె సార్?"

"అదేనమ్మా నీ ఉద్యోగం. ఇంతవరకూ నువ్వు రాసింది గుమాస్తా కూడా రాయగలడు."

నాకు ఒళ్లు మండింది. పెద్దమనిషి కాబట్టి ఊరుకున్నాను. ఆయన మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అర్థమయ్యేనాటికి ఆయన రిటైరై వెళ్లిపోయారు.

తర్వాత వచ్చిన డైరెక్టరు వయసులో చిన్నవాడు, చురుకైనవాడు. చెడ్డవాడేమీ కాదు. వచ్చీ రాగానే మా ఆఫీసు గోడకు పెద్ద తెర పెట్టించాడు. పిల్లల వినతులు ఎన్ని వచ్చాయి, ఎన్ని తీరాయి అన్నది రంగుల్లో కనిపించేది. తీరనివి ఎరుపు. ఎరుపు కనిపిస్తే ఆయన పరేషాన్ అయిపోయి మమ్మల్ని పరేషాన్ చేసేవాడు.

ఆఫీసు బయట ఒక చీటీల పెట్టె ఉండేది. మొహం చూపించి చెప్పుకోలేని పిల్లలు చీటీ మీద రోల్ నంబరూ కష్టమూ రాసి అందులో వేస్తారు. పేరు రాయక్కర్లేదు. నంబరులో చివరి నాలుగు అంకెలు వేసి జవాబు పక్కనున్న అద్దాల బోర్డులో పెడతాం. ఈ ఆలోచన నాదే. కానీ పాత విద్యార్థులూ, బయటివాళ్లూ, ఆకతాయిలూ కూడా చీటీలు వేసేవారు. అవన్నీ తెర మీద ఎరుపై కూర్చునేవి. దాంతో నేనే ఒక నియమం పెట్టాను. చీటీ తీయగానే నా అసిస్టెంటు నంబరును పోర్టల్లో కొట్టి చూడాలి. ప్రస్తుత విద్యార్థి అని చూపిస్తేనే చీటీ నా బల్ల మీదికి రావాలి. లేకపోతే బోర్డులో 'వర్తించదు' అని పెట్టి, చీటీని బీరువాలో కట్టలో కలిపేయాలి.

వారంలో ఎరుపంతా పోయింది. డైరెక్టరు మీటింగులో నన్ను నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. దాచడమెందుకు, ఆ చప్పట్లు నాకు చాలా నచ్చాయి.

బెల్లు కొడితే వచ్చేది

దయ్యం కబురు మొదట తెచ్చింది రెండో సంవత్సరం అమ్మాయిలిద్దరు. మా క్యాంపస్‌లో పాత బ్లాకు అని ఒకటి ఉంది, వెనక గుట్టను ఆనుకుని. మూడో అంతస్తు గోడల్లో నీరు దిగుతోందని దాన్ని మూసేశారు. కింది రెండు అంతస్తుల్లో ల్యాబులు నడిచేవి.

"మేడం, మూడో ఫ్లోర్ల ఎవరో ఉన్నరు," అంది అందులో ఒకమ్మాయి. "మేం మెట్ల కాడ ఉన్నం. పైన లైటు దానంతటదే ఎలిగింది. మనిషి మాత్రం లేదు."

"మనిషి కదిలితే ఎలిగే లైట్లమ్మా అవి. గబ్బిలం తిరిగినా ఎలుగుతయ్," అని నీళ్లు తాగించి పంపాను.

తర్వాత ఒకరి వెనక ఒకరు. కిటికీలో నీలం చున్నీ కదిలిందని ఒకరు. నల్లబల్ల మీద సుద్ద గీస్తున్న చప్పుడు పైనుంచి వినబడుతోందని ఒకరు. ల్యాబులో ఒక్కతే ఉంటే తలుపు దగ్గర ఎవరో నిలబడి చూస్తున్నారనీ, తిరిగి చూసేసరికి లేరనీ ఇంకొకరు. ఆ అమ్మాయైతే కేక పెట్టి చెప్పులు వదిలేసి పరుగెత్తింది. బ్లాకు కట్టేటప్పుడు కూలామె పడి చనిపోయిందని ఒక కథ పుట్టింది. అదెవరు పుట్టించారో ఎవరికీ తెలియదు.

విచిత్రమేమిటంటే ఆ అలికిడి రాత్రి ఉండేది కాదు. పొద్దున మొదటి బెల్లుకు అడుగులు పైకి ఎక్కేవట, సాయంత్రం చివరి బెల్లుకు దిగేవట. ఆదివారం లేదు, రెండో శనివారం లేదు. "మా లెక్చరర్లల్ల కొందరికన్న నయమే," అని నేను స్టాఫ్ రూములో జోకు వేస్తే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దయ్యాలు టైంటేబుల్ ప్రకారం రావన్న సంగతి అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

నేనేం చేశానో చెబుతాను. నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లకూ ఊపిరి నిదానంగా తీసుకోవడం నేర్పాను. ఫైల్లో 'భయం, నిద్రలేమి' అని రాశాను. ఆడిటోరియంలో మూఢనమ్మకాల మీద గంటన్నర మాట్లాడాను. చూసినవాళ్లకు వైద్యం చేస్తూ పోయాను తప్ప వాళ్లు చూసింది ఎవరిని అని ఒక్కసారి అడగలేదు. చదువుకున్నదాన్ని కదా, దయ్యం లేదని నాకు తెలుసు. లేనిదాన్ని వెతకడమెందుకు అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మాత్రం ఆ మెట్ల కింద నిలబడ్డాను. ల్యాబులు లేని రోజు, బ్లాకంతా ఖాళీ. పైన లైటు వెలుగుతోంది. చూస్తూ నిలబడ్డాను. నేను కదల్లేదు, పైన కూడా ఏదీ కదల్లేదు. కాసేపటికి లైటు ఆరిపోయింది. పైన ఉన్నదేదో నాలాగే ఊపిరి బిగబట్టి నిలబడిందని నాకు ఒళ్లంతా తెలిసింది. గబ్బిలమే అని గట్టిగా అనుకుని వెనక్కి తిరిగాను. ఎక్కాల్సింది నాలుగు వరసల మెట్లు, అంతే.

దిగువన యాదమ్మ ఊడుస్తోంది. ఆ బ్లాకు శుభ్రం చేసే మనిషి ఆమే, చాలా ఏళ్లుగా.

"యాదమ్మా, పైన ఏమన్న ఉందా?"

"ఏముంటది మేడం? ఏం లేదు," అంది చీపురు ఆపకుండా.

నాకు కావలసిన జవాబు అదే కాబట్టి ఇంకేమీ అడగలేదు.

కట్టలోని చీటీలు

కాన్వొకేషన్ రోజు పొద్దున. మైదానంలో షామియానాలు, తెల్ల గుడ్డ తొడిగిన కుర్చీలు, మైకు పరీక్షలు. నేను ఆఫీసులో నా కాగితాలు సర్దుకుంటుంటే వాలంటీరుగా వచ్చిన మొదటి సంవత్సరం పిల్ల లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. పేరు మౌనిక, బౌరంపేట నుంచి రోజూ వచ్చేది. చేతిలో నోటు పుస్తకం.

"మేడం, నన్ను పాగల్ అనుకోవద్దు. దయ్యం నాకు లెక్కలు చెప్తాంది."

నవ్వబోయి ఆగాను. ఆ పిల్ల మొహంలో భయం లేదు, దిగులుంది. ఒకసారి పాత బ్లాకు ల్యాబులో పుస్తకం మరిచిపోయిందట. మర్నాడు వెళ్లి చూస్తే సగంలో వదిలేసిన లెక్క పెన్సిలుతో పూర్తయి ఉంది, ఒక్కో మెట్టూ విడివిడిగా. కింద, 'మూడో స్టెప్పులో గుర్తు మార్చడం మర్చిపోతున్నావు. ప్రతిసారీ అదే తప్పు. భయపడకు' అని రాసి ఉంది. ఆ తర్వాత నెల రోజులు కావాలనే పుస్తకం అక్కడ వదిలి వెళ్లిందట.

"నేను గీసారి పాసైన మేడం. థాంక్స్ అని గూడ రాసిన. నిన్న గిట్ల రాసింది, సూడుండ్రి."

చివరి పేజీలో ఒకే వాక్యం. 'రేపటి నుంచి నేను ఉండను. మంచిగా చదువుకో.'

ఆ పేజీలో నన్ను పట్టుకున్నది మాటలు కాదు. పక్కన రాసిన లెక్కలో ప్రతి ఏడు అంకెకూ నడుముకు అడ్డంగా ఒక గీత ఉంది. బీరువా సర్దేటప్పుడు ఒక చీటీలో ఆ గీతను చూసినట్టు గుర్తొచ్చింది. బీరువా తీసి 'వర్తించదు' కట్ట విప్పాను. ఆరు చీటీలు దొరికాయి, ఒకే చేతిరాత, ఒకే నంబరు. తేదీల వరసలో పేర్చి చదివాను.

మొదటిది: 'నేను డిటెయిన్ అయ్యాను. మళ్లీ చేరాలంటే ఎవరిని కలవాలి? మీ పుస్తకం అంతా చదివాను. పన్నెండో పేజీలో మేమున్నాం అని ఉంది.'

రెండోది: 'బోర్డులో వర్తించదు అని వచ్చింది. నంబరు తప్పు రాశానేమో. మళ్లీ రాస్తున్నాను.'

మూడోది: 'లైబ్రరీ కార్డు, బస్సు కార్డు పనిచేయట్లేదు. కౌన్సెలింగ్ టైము కోసం పోర్టల్ తెరిస్తే లోపలికి రానివ్వలేదు. ఇంట్లో చెప్పలేదు.'

నాలుగోది: 'రోజూ వస్తున్నాను.' అంతే.

అయిదోది: 'నన్ను చూసి ఒకమ్మాయి అరిచి పారిపోయింది. నేను దయ్యాన్ని కాదని ఎవరైనా ఆమెకు చెప్పండి.'

ఆరోది: 'కాన్వొకేషన్‌కు మావాళ్లు వస్తున్నారు. కొంపల్లిలో రోడ్డు మీద ఫ్లెక్సీ చూసి నాయిన తేదీ రాసుకున్నాడు. ఆ రోజుతో అయిపోతుంది. ఈ పెట్టె ఎవరు తెరుస్తారో నాకు తెలియదు. థాంక్స్.'

ఆరింటి మీదా నేను చేయించిన 'వర్తించదు' రబ్బరు ముద్ర నీలంగా ఉంది.

తెలియనివారికి ఒక మాట. సబ్జెక్టులు ఎక్కువ పోయి పై సంవత్సరానికి వెళ్లకుండా ఆగిపోవడాన్ని మా దగ్గర డిటెయిన్ అంటారు. ఫలితాలు వచ్చిన రోజే ఆ పిల్లల నంబరు పోర్టల్లో నిద్రపోతుంది. మళ్లీ ఫీజు కట్టి చేరేదాకా లైబ్రరీ, బస్సు, మెస్సు, కౌన్సెలింగ్, అన్నీ ఒకే క్షణంలో మూసుకుపోతాయి. అంటే మా అవసరం ఎవరికి అందరికన్నా ఎక్కువో వాళ్లు సరిగ్గా ఆ క్షణం నుంచి మా పిల్లలు కారు. ఏర్పాటు అలా ఉందని నాకు ముందే తెలుసు. తెలిసే ఆ నియమం పెట్టాను.

పాత రికార్డు తెరిచాను. పేరు రజిత. దూలపల్లి. తండ్రి లేత్ మెషీన్ పని. మూడో సంవత్సరం చివర ఆగిపోయింది. ఏడాదికి పైగా అయింది. తండ్రి ఫోన్ నంబరు నా ఫోన్లోకి ఎక్కించుకుని పరుగెత్తాను. ఆ వయసులో, కాన్వొకేషన్‌కని కట్టిన పట్టుచీరతో ఎలా పరుగెత్తానో నాకిప్పటికీ తెలియదు.

మొత్తం ఒకటి

పాత బ్లాకు మెట్ల కింద యాదమ్మ నిలబడి ఉంది, చీపురు లేకుండా. నన్ను చూడగానే ఏడుపు మొహం పెట్టింది.

"ఇయ్యాల పొల్ల డబ్బ తేలే మేడం."

"ఏ డబ్బ?"

"అన్నం డబ్బ. రోజు తెస్తది. ఇయ్యాల ఉత్త చేతులతోని పైకి పోయింది. నాకు దొడ్డి గుమ్మం కాడ దండం వెట్టి పోయింది."

"నీకు తెల్సా? ఎన్నొద్దుల నుంచి తెల్సు?"

"ఏడాది సంది తెల్సు. నేనే తాళం తీసిపెడ్తున్న. పాపం సదువుకుంటాంది గద అని. మీకు చెప్తే ఎల్లగొడ్తరనుకున్న మేడం."

అది నిజం. చెప్పి ఉంటే వెళ్లగొట్టేవాళ్లమే, మర్యాదగా. ఆరోగ్య కేంద్రానికి పోయి నర్సమ్మను తీసుకొచ్చి చప్పుడు కాకుండా కిందే ఉండమని యాదమ్మకు చెప్పి, నేను మెట్లెక్కాను.

మూడో అంతస్తులో అడుగు పెట్టగానే నా నెత్తి మీద లైటు వెలిగింది. నడిచేకొద్దీ ఒకటొకటే వెలుగుతున్నాయి. నా ముందంతా చీకటి, గోడలకు తడి వాసన. పొద్దున పదిన్నరకు అంత చీకటి ఎక్కడా చూడలేదు. మైదానంలో మైకు చప్పుడు గోడలకు తగిలి ఏదో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినిపిస్తోంది. చివరి గది తలుపు తీసి ఉంది.

గదిలో బెంచీలన్నిటి మీదా వేలు మందం దుమ్ము. ముందు వరసలో ఒకే ఒక్క బెంచీ తుడిచి మెరుస్తోంది. దాని మీద పుస్తకాల సంచి, సర్దిపెట్టినట్టు. కాలేజీ గదుల్లో నల్లబల్ల మూల తేదీ, తరగతిలో మొత్తం ఎందరు, ఆ రోజు ఎందరు వచ్చారు అని రాసే అలవాటు ఉంటుంది. ఆ నల్లబల్ల మూల కూడా రాసి ఉంది. ఆ రోజు తేదీ. మొత్తం 1. హాజరు 0.

పిల్ల గదిలో లేదు. తండ్రికైనా చెప్పాలని రికార్డులోని నంబరుకు ఫోను చేశాను. అటు మోగడం మొదలైంది.

ఇటు కూడా మోగింది.

ఆ ఖాళీ అంతస్తులో, నా తలకు పైన ఎక్కడో, సన్నగా. ఫోను చెవి నుంచి తీసి విన్నాను. మేడ మీదికి పోయే మెట్ల వైపు నుంచి వస్తోంది. తండ్రి నంబరు రాయాల్సిన చోట తన నంబరే రాసుకుంది. చాలామంది పిల్లలు చేసే పనే అది, మేం చూసీ చూడనట్టు వదిలేసే పని. 'ప్రియమైన తల్లిదండ్రులకు' అని మేం పంపిన ప్రతి మెసేజీ, డిటెయిన్ అయిందన్న కబురుతో సహా, ఆ పిల్లకే చేరింది.

నేను ఫోను కట్ చెయ్యలేదు. దాన్ని మోగనిస్తూనే మెట్లెక్కాను. అది ఆగితే ఏమవుతుందోనని భయం.

పై మెట్టు మీద, మేడ తలుపుకు వీపు ఆనించి నీలం చున్నీ పిల్ల కూర్చుని ఉంది. మెడలో కాలేజీ కార్డు. మోగుతున్న ఫోను ఒళ్లో పెట్టుకుని దాన్ని చూస్తోంది.

"తలుపుకు తాళం ఉంది మేడం. నాకు ముందుగాల తెల్వది," అంది, నేను ఏమీ అడగకముందే.

రెండు మెట్లు కింద కూర్చున్నాను. కొత్తవాళ్లకు ఇక్కడొక మాట చెబుతాను. ఇలాంటప్పుడు చుట్టూ తిప్పి అడగకండి. మనం అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది భ్రమ. అది అప్పటికే అక్కడ కూర్చుని ఉంటుంది. ఎవరైనా దాన్ని పేరు పెట్టి పిలుస్తారా అని ఆ పిల్లలు చూస్తుంటారు.

"సచ్చిపోదామని వచ్చినవా బిడ్డా?"

ఒళ్లోని ఫోను మోత ఆపేసింది.

"ఏమో మేడం. నేను ఇప్పటికే లేను గద. లిస్టుల లేను, కార్డుల లేను. నన్ను చూసినోళ్లు దయ్యమనవట్టిరి. మొదట్ల నవ్వొచ్చింది. తర్వాత తర్వాత నాకే డౌటొచ్చింది. ఒక్కొక్కపారి నేను నడిస్తే లైటు ఎలుగకపోతుండె. గప్పుడు మస్తు భయమైతుండె."

ఏడ్చాను. కౌన్సెలర్ ఏడవకూడదని పాఠం చెప్పినదాన్ని నేనే. ఆ పిల్ల నన్ను వింతగా చూసి, తన చున్నీ కొంగు అందించింది.

అంతలో మైకులో పేర్లు చదవడం మొదలైంది. ఆమె శాఖే. ప్రతి పేరునూ మైకు కన్నా ఒక క్షణం ముందే ఆ పిల్ల పెదవులు పలుకుతున్నాయి. ఆ వరస మొత్తం ఆమెకు నోటికి వచ్చు.

"రచన తర్వాత నేను. నా తర్వాత రమ్య," అంది.

మైకు రచన పేరు చదివింది. చప్పట్లు. వెంటనే రమ్య పేరు చదివింది. చప్పట్లు.

"నడుమ జరంత ఆగుతరేమో అనుకున్న మేడం," అంది. "ఆగలే."

అప్పుడు ఏడ్చింది. ఏడాదికి సరిపడా ఏడ్చింది. నేను పక్క మెట్టు మీదికి జరిగి పట్టుకుంటే ఒళ్లు వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం తగిలితే నాకు ప్రాణం లేచొచ్చింది. దయ్యాలు లేవని గంటన్నర ఉపన్యాసం ఇచ్చిన మనిషికి అప్పటిదాకా లోలోపల ఏదో మూల అనుమానం ఉండేదన్నమాట.

చెప్పాల్సిన మాట

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. రజిత మళ్లీ చేరింది, జూనియర్లతో కూర్చుని పూర్తి చేసింది. సాయంత్రాలు లైబ్రరీలో మౌనిక ఆమె పక్కనే కూర్చుని చదువుకునేది. రజిత కొన్ని నెలలు మందులు వాడింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. ఇది రాయడానికి ఒప్పుకుంది, పేర్లు మాత్రం మార్చమంది, మార్చాను. నంబరు నిద్రపోయిన పిల్లల జాబితా ఫలితాల రోజునే మా కేంద్రానికి రావాలని నేను పట్టుబట్టాను. తెర మీద ఎరుపు నిండుతుందని డైరెక్టరు అన్నాడు. నిండనియ్యండి అన్నాను. నా ముద్రను నేనే పారేశాను. వీటికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కానీ ఆ రోజు అదంతా ఇంకా జరగలేదు. ఆ రోజు నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దింపాలి, మైదానం దాటించాలి. నర్సమ్మ ఒక పక్క, యాదమ్మ ఒక పక్క నడిచారు. ఎండలోకి రాగానే రజిత కళ్లు చిట్లించి ఆగింది. "మీరు చెప్తరా మేడం, నేను చెప్పాల్నా?" అని అడిగింది. "నువ్వు మొదలువెట్టు. ఆగితే నేనున్న," అన్నాను.

వెనక వరసలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. తండ్రి చొక్కా కొత్తది, ప్యాకెట్ మడతలు ఇంకా పోలేదు. వేళ్ల సందుల్లో ఎంత తోమినా పోని నూనె నలుపు. పక్కన తల్లి, ఆ పక్కన కళ్లద్దాల అవ్వ. మనవరాలిని చూడగానే అవ్వ చేతులు చాపింది.

"పేరు పిలిసిండ్రా బిడ్డా? నాకు సరిగ ఇనవడలే. మీ నాయిననడిగితె చెప్తలేడు."

తండ్రి లేచి నిలబడ్డాడు. ఆయనకు చెవులు బాగానే ఉన్నాయి. కూతురి మొహం చూశాడు, నర్సమ్మను చూశాడు, నన్ను చూశాడు.

"పిలువలే అవ్వా," అంది రజిత. "నా పేరు లేదు. పోయినేడే తీసేసిండ్రు. నాయినా, నేను ఏడాది సంది కాలేజ్ అని చెప్పి ఉత్తగ వచ్చి పోతున్న. ఆ పాత బిల్డింగుల ఒక్కదాన్నే కూసుంటున్న."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రి తిట్టలేదు. తిడతాడని నేను మధ్యలోకి జరిగి నిలబడ్డాను కూడా. ఆయన తన కుర్చీ మీది తెల్ల గుడ్డ సరిచేసి, కూతురి భుజం పట్టుకుని అందులో కూర్చోబెట్టాడు.

"ఏడాది ఒక్కదానివే కూసున్నవా?" అని మాత్రం అడిగాడు. ఆ పిల్ల తలూపింది.

తర్వాత ఆయన నా వైపు తిరిగాడు. నా చీరకున్న బ్యాడ్జీ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"మీది పిల్లల తకలీఫు జూసే ఆఫీసే గద మేడం. మా బిడ్డ మీ దగ్గరికి ఒక్కసారన్న రాలేదా?"

పోర్టల్, నియమం, అసిస్టెంటు, మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. నా ఉద్యోగంలో అప్పటిదాకా ఎన్నో జవాబులు చెప్పాను. వాటన్నిటిలో నిజమైనది ఇదొక్కటే అనుకుంటాను.

"ఆరుసార్లు వచ్చింది అన్నా. ఆరుసార్లు నేను, గామె మా పిల్ల కాదని రాసి పంపిన."